బొంత ఎడమ కన్ను

మా కాజాల పిన్ని తన పెంపుడు కుక్క కంట్లో కత్తెర దించేసిందని మా సందులో చెప్పుకుంటారు.

చెప్పేవాళ్ళను బట్టి కథ మారుతుంది. లాండ్రీ అక్క నోట అది పొరపాటున జరిగింది. "పాపం, కావాలని చేస్తారా ఎవరైనా? చెయ్యి జారింది. నేను కళ్ళారా చూశాను కదా, దాని మొహమంతా రక్తం" అంటుంది, ఇస్త్రీ పెట్టె ఆపకుండా. అదే మాట మందుల షాపు దాకా వెళ్ళేసరికి పొరపాటు కాస్తా పోయి, కరవబోయిందన్న కోపంతో పొడిచిందని అవుతుంది. బస్టాపు దగ్గర ఇంకో రెండు మాటలు కలిపి కుక్కకు గాజు కన్ను కూడా పెట్టించేశారు. "ఎండ పడ్డప్పుడు చూడండి, ఎలా మెరుస్తుందో" అని ఒకావిడ పక్కావిడకు చూపిస్తుంటే నేను వెనకే ఉన్నాను. ఆవిడ చూపించింది బాగున్న కన్ను.

ముగింపు మాత్రం అందరిదీ ఒకటే. "అప్పట్నుంచీ ఆ కుక్క నోరెత్తితే ఒట్టు. భయం మరి!"

కుక్క ఇప్పుడు ఎవరి మీదా మొరగదన్న మాట నిజమే.

పిన్ని అంటే మా అమ్మకు చెల్లెలు. సందు మొదట్లో ఉన్న టైలరింగ్ షాపుకు కాజాలు కుడుతుంది. మిషన్ మీద కుట్టడం అయిపోయిన కోట్లను షాపువాళ్ళు మూటగట్టి మా ఇంటికి పంపుతారు. గుండీ దూరే చీలిక కోసి, అంచున పోగులు లేవకుండా చేత్తో దారం చుట్టుకుంటూ కుట్టడం ఆవిడ పని. కాజాలకు మిషన్లు వచ్చాక కూడా మంచి కోట్లు మా ఇంటికే వస్తాయి. నేను బడి మానేసి పిన్ని దగ్గరికి వచ్చాక గుండీలు కుట్టడం నా వంతయింది. కత్తెర మాత్రం నా చేతికి ఇవ్వదు.

"గుండీ వంకరగా కుడితే విప్పి కుట్టుకోవచ్చు. కోసిన గుడ్డని మళ్ళీ అతికించే మొనగాడు ఇంకా పుట్టలేదే" అంటుంది.

కాజా కోయడంలో కష్టమంతా ఆగడంలో ఉంది. సుద్దతో గీసిన గీత దాటి కత్తెర ఒక్క పోగు ముందుకు పోయినా కోటు పాడైనట్టే. అందుకని చాలామంది గీత చివర గుండుసూది అడ్డంగా గుచ్చుతారు. కత్తెర వచ్చి దానికి తగిలి ఆగుతుంది. పిన్నికి సూది మీద నమ్మకం లేదు. ఎడమచేతి చూపుడువేలు గీత చివర ఆనించి, కత్తెర మొన తన గోటికి తగిలేదాకా కోస్తుంది. ఆ గోరు ఎప్పుడూ గీతలు పడి గరుకుగా ఉంటుంది. "సూది వంగిపోవచ్చు. నా వేలు నాకు చెప్పకుండా ఎక్కడికి పోతుంది?" అంటుంది.

ఆవిడ చూపు సంగతి కూడా చెప్పాలి. ఇంటికి ఎవరొచ్చినా మొహం కంటే ముందు కాలరు చూస్తుంది. గుమ్మంలో నిలబడ్డ మనిషి జేబు కుట్టు ఊడిందని వంటగదిలోంచే చెప్పేస్తుంది. బాబాయి సిటీ బస్సు డ్రైవరు. ఆయన ఎవరు దొరికితే వాళ్ళకు ఒకే కథ చెబుతాడు: "మొదటిసారి నన్ను చూసినప్పుడు మీ మూడో గుండీ వదులుగా ఉందండీ అంది. కట్టుకుంది నన్నా, నా చొక్కానా అని నాకు ఇప్పటికీ అనుమానమే."

కుక్క పేరు బొంత. టైలరింగ్ షాపులో కత్తిరింపు ముక్కలు పోసే గోనెసంచి వెనక దొరికింది. ఒంటికి రంగురంగుల పీలికలు అంటుకుని, అతుకుల బొంతలా ఉందని బాబాయి పెట్టిన పేరు అది. పెరిగేకొద్దీ వెంట్రుకలు ఒత్తుగా పెరిగి కళ్ళ మీదికి పరదాలా దిగిపోయాయి. అది ముద్దుగానే ఉందనుకున్నాం అందరం. సందులో పిల్లలు దీని మొహం ఎటువైపు, వీపు ఎటువైపు అని అడిగేవారు. "తోక ఊగేవైపు వీపు, ఊగనివైపు మొహం" అనేవాడు బాబాయి.

కొంతకాలానికి దాని తీరు మారింది. ముందు బాబాయి తిండి గిన్నె తీయబోతే గభాల్న నోరు తెరిచి గాలిని కొరికింది. ఆ తర్వాత నా మీదికి వచ్చింది. కాసేపటికి అదే సిగ్గుపడినట్టు తోక ముడుచుకుని పిన్ని కాళ్ళ దగ్గరికి చేరేది. వెంట్రుకలు కత్తిరించే షాపుకు తీసుకెళ్తే మూతికి పట్టీ కట్టినా ఆగలేదట, సగంలో తెచ్చి ఒప్పజెప్పారు. "మా వల్ల కాదమ్మా. ఇంట్లో మీరే చేసుకోండి. మొన మొద్దుగా ఉండే కత్తెర వాడండి, గడ్డం కింద ఒకరు గట్టిగా పట్టుకోండి" అన్నాడు ఆ షాపాయన. చేద్దాం చేద్దామంటూనే కోట్ల పని మీద పడి ఊరుకున్నాం.

ఆ ఊరుకోవడం ఒక పొద్దున మా మెడకు చుట్టుకుంది. మేము కింది వాటాలో ఉంటాం, ఇంటి ఓనరు పైన ఉంటాడు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ఆయన మనవరాలు మెట్లు దిగి వస్తూ, వాకిట్లో పడుకున్న బొంతను నిమరబోయింది. బొంత ఆ పిల్ల గౌను చెయ్యి పట్టి చించేసింది. పళ్ళు దిగలేదు. కానీ పిల్ల పెట్టిన కేకకు పైనుంచి ఆయన చెప్పులు కూడా లేకుండా దిగి వచ్చాడు.

"అమ్మాయ్, నేను చెడ్డవాణ్ణి కాదు" అన్నాడు పిన్నితో, వగరుస్తూ. "ఇవాళ గౌను చెయ్యి. రేపు పిల్ల చెయ్యి. దీన్ని ఉంచడానికి లేదు. మా అల్లుడు రేపు పొద్దున బండి తెస్తాడు. ఊరవతల కుక్కల షెడ్డులో దింపేద్దాం."

కరిచే కుక్కని ఆ షెడ్డు నుంచి ఎవరూ తెచ్చుకోరు. తర్వాత వాటిని ఏం చేస్తారో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

"దానికి కళ్ళు కనపడక కంగారుపడుతోందండీ" అంది పిన్ని. "వెంట్రుకలు కళ్ళల్లో పడుతున్నాయి. చెయ్యి మీదికొచ్చేదాకా దానికి తెలియట్లేదు. ఇవాళ కత్తిరించేస్తాను. ఆ తర్వాత మీరే చూడండి."

ఆయన బొంతను చూశాడు. అది పిన్ని కాళ్ళ వెనక దూరి ఉంది.

"సరే. సాయంత్రం దిగుతాను. పిల్లని తీసుకురాను, నా చెయ్యే పెడతాను. పళ్ళు చూపించిందా, ఇక మాటల్లేవు. ఏడుపులు, బతిమాలడాలు ఉండకూడదు."

"ఉండవు" అంది పిన్ని.

ముందుగదిలో సందువైపు కిటికీ కింద పిన్ని పనిబల్ల ఉంటుంది. దాని మీది కోట్లు తీసి మంచం మీద పడేసి, పాత లైనింగ్ గుడ్డ పరిచింది. డ్యూటీ లేని రోజు కనక బాబాయి ఇంట్లోనే ఉన్నాడు. ఆయన బొంతను ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టి నడుం పట్టుకున్నాడు. గడ్డం కింద వెంట్రుకలు గుప్పిట్లో పట్టుకోవడం నా పని. బొంత గొంతు నా అరచేతికి ఆని ఉంది. దాని ఊపిరి ఎలా ఉందో నాకు తెలుస్తోంది.

పిన్ని కాజా కత్తెర తీసింది. సన్నటి మొన ఉన్నది.

"మొద్దు కత్తెర తీసుకో పిన్నీ. ఆ షాపాయన చెప్పాడుగా."

"మొద్దు కత్తెర వెంట్రుకని కొయ్యదే, నములుతుంది. నమిలితే లాగుతుంది, లాగితే అది ఎగురుతుంది. ఇదైతే తగిలినట్టు కూడా దానికి తెలియదు."

"దానికి తెలియదు సరే, నాకు కాళ్ళు వణుకుతున్నాయి" అన్నాడు బాబాయి.

"బస్సు నిండా జనాన్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పుతారు, కుక్క నడుం పట్టుకోవడానికి వణుకా?"

"బస్సు కరవదే!"

పిన్ని నవ్వలేదు. నీళ్ళు చిమ్మే సీసా అందుకుంది. కాజా కోసే ముందు గుడ్డను కాస్త చెమ్మ చేస్తే పోగు లేవదు. అది చేతిలో పాతుకుపోయిన అలవాటు. అదే అలవాటున బొంత మొహమంతా తడిపేసింది. మరుక్షణమే ఆ వెంట్రుకలన్నీ ముద్దగా అతుక్కుపోయాయి. గుడ్డ తడిస్తే చదునుగా పడుకుంటుంది. వెంట్రుక తడిస్తే రెప్పకు అంటుకుంటుంది. ఎక్కడ వెంట్రుక అయిపోయిందో, ఎక్కడ రెప్ప మొదలైందో కనపడటం మానేసింది. పిన్ని అది చూసింది. పెదవి బిగించింది. పొడిగుడ్డతో అద్దింది, పాత పళ్ళ బ్రష్షుతో దువ్వింది. కొంచెం విడివడ్డాయి, అంతే. ఆరేదాకా ఆగుదామని నా నోటిదాకా వచ్చింది. కానీ బల్ల మీద బొంత అప్పటికే కాళ్ళు మారుస్తోంది, దింపితే మళ్ళీ ఎక్కించలేం.

"ఆడమనిషి జడ వేసుకోవడానికి కూడా ఇంతసేపు పట్టదు" అని బాబాయి గొణిగాడు.

"మీరు నోరు మూసుకుంటే అదీ మూసుకుంటుంది."

కుడికన్నుతో మొదలుపెట్టింది. కత్తెరను మొహానికి అడ్డంగా, మొన ముక్కువైపు పోకుండా పట్టుకుంది. ఎడమచేతి చూపుడువేలు వెంట్రుకల కిందికి దూర్చి, కంటికీ కత్తెరకూ మధ్య గోరు ఆనించింది. కాజా కోసినట్టే. చిన్న చప్పుడు. ఒక తడిపాయ లైనింగ్ మీద పడింది. మళ్ళీ గోరు, మళ్ళీ చప్పుడు. బొంత కదల్లేదు. ఒక్కొక్క పాయా పోతుంటే దాని కింద నుంచి ముదురు గోధుమరంగు కన్ను బయటపడింది. అది నన్ను చూసింది, పిన్నిని చూసింది, కిటికీలోంచి సందును చూసింది. తోక బాబాయి పొట్టకు టపటపా కొట్టుకుంది.

"ఓహో, రోజూ తిండి పెట్టేది నువ్వా అన్నట్టు చూస్తోంది చూడు" అన్నాడు బాబాయి.

పిన్ని బల్ల చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చింది.

ముందు నా అరచేతికి తెలిసింది. బొంత గొంతులో సన్నటి గుర్రు మొదలైంది. బయటికి వినపడటం లేదు, చేతికి మాత్రం తగులుతోంది. పిన్ని ఎటు జరిగితే అటు తల మొత్తం తిప్పుతోంది, కుడికన్నుతో ఆవిడను చూడటానికి. నేను తలను మళ్ళీ ముందుకు తెస్తున్నాను. అది మళ్ళీ తిప్పుతోంది.

"తల నిలపవే!"

"నిలవట్లేదు పిన్నీ. గుర్రుమంటోంది."

"బొంతా, నేనే. నేనేరా." పిన్ని గొంతు వినగానే గుర్రు ఆగింది. గుర్రు ఆగిన కుక్క ఇంకా భయపెడుతుందని నాకు అప్పుడే తెలిసింది. దాని ఒళ్ళంతా బిగుసుకుపోయింది.

ఎడమవైపు పుసి గట్టిగా అట్టలు కట్టి ఉంది. తడికి అది సగం కరిగి జిగురైంది. పిన్ని వేలు లోపలికి దూర్చింది. వేలు కనపడటం లేదు. కత్తెర మొన వెంట్రుకల్లోకి వెళ్ళింది. చిన్న చప్పుడు. ఆగింది. ఇంకో చప్పుడు. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. నేను రెప్ప వెయ్యలేదు.

"అమ్మాయ్! బట్టలూ!"

కిటికీ చువ్వల మీద హ్యాంగరు టంగున మోగింది. లాండ్రీ అక్క. బొంత తల ఒక్క ఊపున ఆ చప్పుడువైపు తిరిగింది. నా గుప్పిట్లోంచి వెంట్రుకలు జారిపోయాయి. కత్తెర మూసుకుంది. బొంత పెట్టిన అరుపు నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

రక్తం దాని మొహం మీద, నా మణికట్టు మీద, లైనింగ్ మీద.

"అయ్యో అయ్యో అయ్యో! కన్ను పొడిచేశావేమే!" కిటికీ అవతల లాండ్రీ అక్క హ్యాంగరును చువ్వకు తగిలించి గుండెలు పట్టుకుంది. చూడాల్సింది చూసేసింది. చెప్పులు టపటపలాడిస్తూ పరుగు తీసింది.

"ఏమైంది? ఎక్కడ తగిలింది? చెప్పవే!" బాబాయి బొంతను వదలకుండా అరుస్తున్నాడు. కత్తెర నేల మీద ఉంది. కింద పడితే మొన పోతుందని నన్ను ఆ కత్తెర వైపు చూడనిచ్చేది కూడా కాదు. అది నేల మీద పడి ఉంటే ఆవిడ తీయలేదు.

నేను తడిగుడ్డ తెచ్చి బొంత మొహం తుడిచాను. తెగిన వెంట్రుకలు, పుసి, రక్తం కలిసి గుడ్డకు వచ్చేశాయి. వాటి కింద ఎడమకన్ను కనపడింది.

తెల్లగా ఉంది. కోటు లోపలివైపు వేసే ముత్యపు గుండీలా, నలుపన్నదే లేకుండా.

పిన్ని మంచం మీద, కోట్ల మీదే కూలబడింది. కోట్ల మీద ఎవరినీ చెయ్యి కూడా వెయ్యనివ్వని మనిషి.

"పోయింది" అంది. "నా చేత్తో నేనే. నా చేత్తో."

"డాక్టరు దగ్గరికి పోదాం. లే. ఆటో తెస్తాను" అంటున్నాడు బాబాయి. అంటున్నాడే కానీ బొంతను వదిలి కదలలేకపోతున్నాడు.

నేను ఇంకా చూస్తున్నాను. తుడిచిన చోట మళ్ళీ రక్తం రాలేదు. కత్తెర కంట్లోనే దిగి ఉంటే ఒక్క తుడుపుకే రక్తం ఆగిపోతుందా? కానీ నేల మీద కొత్త చుక్కలు పడుతూనే ఉన్నాయి. బల్ల దగ్గర కాదు, మంచం దగ్గర.

"పిన్నీ, నీ వేలు."

ఆవిడ చెయ్యి చూసుకుంది. చూపుడువేలు గోటి పక్కనుంచి లోతుగా తెగింది. గోరు సగం లేచిపోయింది. అప్పటిదాకా ఆవిడకు నొప్పి తెలియలేదు. కత్తెర మూసుకున్నప్పుడు దాని రెండు మొనల మధ్య ఉన్నది ఆ వేలే. బాబాయి బొంతను నాకు అప్పగించి, లైనింగ్ చింపి వేలికి గట్టిగా చుట్టాడు.

"అయితే కంటికి తగల్లేదా? మరి ఇదేమిటి, ఇలా ఉంది?"

నాకు వాకిట్లో మెట్లు గుర్తొచ్చాయి. బొంత ఎప్పుడూ వీధివైపు తిరిగి పడుకుంటుంది. మెట్లు దానికి ఎడమవైపు. పిల్ల అటునుంచే వచ్చింది. తిండి గిన్నె గోడవారన ఉంటుంది, బాబాయి దాన్ని తీసింది ఎడమవైపు నుంచే. నామీదికి వచ్చిన రోజు నేను చీపురుతో అటే ఉన్నాను.

కుడివైపు నుంచి చెయ్యి తెచ్చాను. చూసింది, వాసన చూసింది, నాకింది. ఎడమవైపు నుంచి తెచ్చాను. రెప్ప పడలేదు. ఇంకా దగ్గరికి తెచ్చాను, పడలేదు. వేలి కొసతో చెంప వెంట్రుక తాకానో లేదో, గభాల్న తల తిప్పి గాలిని కొరికింది. నేనని చూసి తోక ముడుచుకుంది.

"ఇది ఇవాళ పోయిన కన్ను కాదు బాబాయ్" అన్నాను.

పిన్ని లేచి వచ్చి, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఆ తెల్లటి కంటిని చూస్తూ నిలబడింది. అంత దగ్గరగా ఏ కోటునూ చూడలేదనుకుంటాను.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. లాండ్రీ అక్క మాట అప్పుడే పైకి ఎక్కేసింది. సాయంత్రం కాకుండానే ఓనరు దిగి వచ్చాడు. గుమ్మంలో నిలబడి బల్లను చూశాడు, నేలను చూశాడు.

"ఏం చేశావమ్మా దాన్ని?"

"కత్తిరించాను."

"ఇంకేం చెయ్యి పెట్టేది? ఇంత రక్తం చూశాక సాధువు కూడా కరుస్తాడు. పొద్దున బండి వస్తుంది, అంతే."

"మీరు మాట ఇచ్చారు" అంది పిన్ని. "నేను ఏడవట్లేదు, బతిమాలట్లేదు. చెయ్యి పెడతానన్నారు, పెట్టండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆయన మాట తప్పే మనిషి కాదు. చొక్కా చెయ్యి మడుచుకుని ముందుకు వచ్చాడు. గుమ్మం బొంతకు ఎడమవైపు ఉంది. ఆయన చెయ్యి చాపాడు. వేళ్ళు ఆ తెల్లకన్ను పక్కకు వచ్చేశాయి.

పిన్ని ఆయన మణికట్టు పట్టుకుంది. పరాయి మగవాడి చెయ్యి, అందులో ఇంటి ఓనరు చెయ్యి, నెత్తుటి కట్టున్న చేత్తో పట్టుకుని ఆపేసింది. ఆయన బిత్తరపోయాడు. చెయ్యి వదలకుండానే ఆయన్ని బల్ల చుట్టూ నడిపించుకుని కుడివైపుకు తీసుకొచ్చింది.

"ఇటునుంచి పెట్టండి."

బొంత ఆ చేతిని చూసింది. రావడం మొదలైన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది. పైపెదవి కొంచెం లేచింది. పన్ను కొస కనపడింది. ఓనరు ఆగాడు. పిన్ని ఆగలేదు, ఆయన చేతిని ఇంకొంచెం ముందుకు తెచ్చింది. పెదవి దిగింది. ముక్కు కదిలింది. బొంత ఆయన అరచేతిని వాసన చూసి, తడిముక్కు అందులో ఆనించింది.

ఆయన ఊపిరి వదలడం గది మొత్తానికీ వినపడింది.

"ఆ కన్ను..." అన్నాడు, తల వంచి చూస్తూ.

"అది పాతదండీ" అంది పిన్ని. "ఎప్పుడు పోయిందో నాకు తెలియదు."

ఆ రెండో మాట అనడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. ఆయన ఆవిడ వేలును చూశాడు, కుక్కను చూశాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "ఎడమవైపు నుంచి దాని దగ్గరికి పోవద్దని పాపకి చెబుతాను. బండి అక్కర్లేదని అల్లుడికి ఫోన్ చేస్తాను" అని మెట్లెక్కాడు.

మర్నాడు పశువుల డాక్టరు టార్చి వేసి చూశాడు. లోపల పొర ముదిరి తెల్లబడిందనీ, దెబ్బ కాదనీ, చాలాకాలం నుంచే ఇలా ఉండి ఉంటుందనీ చెప్పాడు. కుడికన్ను బాగుందన్నాడు. పిన్ని వేలిని చూసి, "దీన్ని మాత్రం మనుషుల డాక్టరుకు చూపించండి" అన్నాడు.

మేము తిరిగి వచ్చేసరికి సందు చివరిదాకా కథ పాకిపోయింది. బొంతను చూసినవాళ్ళకు వెంట్రుకలు పోయిన మొహంలో తెల్లకన్ను కనపడుతోంది. రక్తం సంగతి ముందే వినేశారు. రెండూ కలుపుకోవడం ఎంతసేపు? ఓనరు ఒకరిద్దరికి అది పాత కన్నని చెప్పాడట. కింది వాటావాళ్ళు ఖాళీ చేస్తే అద్దె పోతుందని ఆయన అలాగే అంటాడని వాళ్ళు నవ్వుకున్నారట.

బాబాయి ఉడికిపోయాడు. "పోయి ఆ లాండ్రీ ఆవిణ్ణి నాలుగు అడిగి వస్తాను. డాక్టరు చీటీ మొహాన కొడతాను."

"ఎక్కడికీ పోవద్దు" అంది పిన్ని.

"ఊరంతా నిన్ను కసాయిదాన్ని చేస్తుంటే?"

"చెయ్యనివ్వండి. చెయ్యి జారిందంటారు. చేతులు ఎవరికైనా జారతాయి." పిన్ని కట్టున్న చేత్తోనే కోటు ఒళ్ళోకి తీసుకుంది. "మరి మీ చీటీ ఏం చెబుతుంది? అది రోజూ నా కాళ్ళ దగ్గరే పడుకుంటుంది. దాని కన్ను కొంచెం కొంచెంగా తెల్లబడుతుంటే నేను పక్కవాళ్ళ కాలర్లు చూస్తూ కూర్చున్నానని చెబుతుంది. అంతేగా?"

బాబాయి చీటీ మడిచాడు. "దీపం కింద చీకటి ఉంటుందే. ఎవరికైనా ఉంటుంది."

"ఉంటే ఉండనివ్వండి. సందులోకి పట్టుకెళ్ళి చూపించొద్దు."

చీటీ చొక్కా జేబులో పెట్టుకుని బాబాయి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

పిన్నికి కొత్త గోరు వచ్చింది. వంకరగా వచ్చింది. ఆ వేలి కొసకు స్పర్శ సరిగ్గా తెలియదు. అయినా గుండుసూది ముట్టుకోదు, ఆ వంకర గోరే గీత చివర ఆనించి కాజాలు కోస్తుంది. బొంత కళ్ళ చుట్టూ వెంట్రుకలు పెరగగానే మేము ముగ్గురం మళ్ళీ ఆ బల్ల చుట్టూ చేరతాం. ముందు కిటికీ మూసేస్తాం. నీళ్ళ సీసా అటకెక్కింది. కత్తెర మొద్దుది. "నమిలితే నమలనీ" అంటుంది పిన్ని. ఎడమవైపుకు వెళ్ళేముందు "నేనేరా" అంటుంది. ప్రతిసారీ నా అరచేతికి ఆ గుర్రు తగులుతుంది. ప్రతిసారీ ఆ మాటతో ఆగుతుంది.

సందులో పిల్లలందరూ ఇప్పుడు బొంత దగ్గరికి కుడివైపు నుంచే వస్తారు. వచ్చేవాళ్ళు ముందే కనపడుతున్నారు కనక అది ఎవరి మీదా మొరగదు. లాండ్రీ అక్క కూడా కొత్తవాళ్ళకు అదే చెబుతుంది, "అటునుంచి పోకండి, ఆ కన్ను కాజాలు కుట్టే ఆవిడ పొడిచేసింది" అని.

ఆ కనపడని వైపుకు బొంత ఇప్పటికీ ఎవరినీ రానివ్వదు. బాబాయినీ రానివ్వదు, నన్నూ రానివ్వదు. మధ్యాహ్నం పిన్ని కాజా కత్తెర పట్టుకుని బల్ల దగ్గర కూర్చోగానే వస్తుంది. పైన కత్తెర చప్పుడు అవుతుండగానే, ఆ గుడ్డికన్ను ఉన్న చెంపను ఆవిడ పాదానికి ఆనించి నిద్రపోతుంది.